కాళ్ళు కడుక్కోమన్న మెయిలు

ఒక మెయిలు వల్ల నా పెళ్ళి చెడిపోయేంత పని జరిగిందంటే మీరు వెంటనే ఏ ప్రేమలేఖో అనుకుంటారు. అంత అదృష్టం కూడానా! అది చేపల మేత అమ్మే కొట్టు తరఫున వెళ్ళిన మెయిలండీ. అందులో ఒక్క చెడ్డమాట లేదు. ఉన్నదల్లా మర్యాదే. మర్యాదతో కూడా కొంప ముంచుకోవచ్చని కనిపెట్టినవాణ్ణి గోదావరి జిల్లాల్లో బహుశా నేనొక్కణ్ణే. ఎలాగో చెబుతాను, కూర్చోండి. నవ్వు మాత్రం చివరిదాకా దాచుకోండి. మధ్యలో నవ్వితే ఇప్పటికీ నాకు రోషం వస్తుంది.

ఊరూరా ఇంటర్నెట్ సెంటర్లు వెలుస్తున్న రోజులవి. ఫోను తీగ కంప్యూటరుకి తగిలిస్తే అది కాసేపు కీచుమని, కాసేపు గరగరమని, బుద్ధి పుడితే కలిసేది. నేను డిగ్రీ అయ్యాక కంప్యూటరు కోర్సొకటి నేర్చి, ఏలూరులో సుబ్బరాజు గారి కొట్లో కుదురుకున్నాను. కొల్లేటి చుట్టుపక్కల చెరువులున్న రైతులు మేతకీ మందులకీ ఆయన దగ్గరికే వచ్చేవారు. ఓసారి హైదరాబాదు నుంచి మేత కంపెనీ ఆఫీసరొకాయన వచ్చి, "సార్, ఇకమీదట వ్యాపారమంతా మెయిల్లోనే" అని రాజుగారి చెవిలో ఊది వెళ్ళాడు. దాంతో చేపల రేట్లు, వాతావరణం, చెరువు జాగ్రత్తలు రాసి వారం వారం మెయిల్లో పంపే పత్రికొకటి పుట్టింది. పేరు 'కొల్లేరు కబురు'. సంపాదకుడు, విలేకరి, టైపిస్టు, అన్నీ నేనే.

వెళ్ళేముందు ఆఫీసరు నాకో సలహా ఇచ్చాడు. "కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ ముందు ఒక వెల్‌కమ్ మెయిల్ వెళ్ళాలి ప్రసాద్. నాలుగు వాక్యాలు చాలు. మేమెవరం, ఏం పంపుతాం, ఏ రోజు పంపుతాం, అవసరం వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి. అంతే."

అంత మంచి సలహా నాకు అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు. అందుకే పాటించలేదు.

అమ్మా నాన్నా పొలాలు చూసుకుంటూ ఊళ్ళో ఉండేవారు. నాకు వండిపెట్టడానికని మా మామ్మ, అంటే నాన్న తల్లి, ఏలూరు వచ్చి నాతో ఉండేది. ఆ సాయంత్రం ఆఫీసరు చెప్పిన నాలుగు వాక్యాలూ రాసి ఆవిడకి వినిపించాను. మామ్మ బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టేసింది.

"ఇదేం పలకరింపురా! గుమ్మంలోకి మనిషొస్తే నేను ఫలానా, నా ఫోన్ నంబరిదీ అని చెప్తామా? పోలీసుల బోర్డులా ఉంది."

"మరేం చెప్పాలి మామ్మా?"

"ముందు రండి రండి అనాలి. కాళ్ళు కడుక్కోమనాలి. మంచినీళ్ళు పుచ్చుకోమనాలి. ఇంట్లోవాళ్ళ కులాసా అడగాలి. భోజనాలయ్యాయా, ఏం కూర అని అడగాలి. వచ్చిన పనేంటో వాళ్ళంతట వాళ్ళు చెప్పేదాకా మనం ఎత్తకూడదు."

"మెయిల్లో కాళ్ళెలా కడుక్కుంటారే?"

"అనడానికేం పోయిందిరా? అంటే వాళ్ళ కడుపు చల్లగా ఉంటుంది."

నాకు తలుపులు తెరుచుకున్నట్టయింది. ఆఫీసరుకేం తెలుసు, హైదరాబాదు మనిషి! మామ్మ చెప్తూ ఉంటే రాసుకున్నాను. అప్పట్లో మా కంప్యూటరుకి తెలుగక్షరాలు రావు కనక ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు కొట్టాను. మీ కళ్ళ మీద జాలితో ఇక్కడ మామూలుగానే ఇస్తున్నాను.

"నమస్కారమండీ. రండి రండి. మీరు వస్తారని ఎప్పట్నుంచో ఎదురుచూస్తున్నామండీ. ముందు కాళ్ళు కడుక్కుని కాసిని మంచినీళ్ళు పుచ్చుకోండి. ఇంట్లో అందరూ కులాసానా? భోజనాలయ్యాయా? ఏం కూర? మీ కబురు విని మాకు ఎంతో సంతోషమయింది. ఇవాళ్టి నుంచి మీరు మా ఇంట్లో మనిషే. ఏదైనా మొహమాటపడకుండా అడగండి, జవాబు వెంటనే వస్తుంది. ఇట్లు, మీ ప్రసాదు."

పత్రిక ప్రతి శుక్రవారం వస్తుందన్న ముక్క, మేడ మెట్ల కింద గోనెసంచి పెట్టినట్టు, అన్నిటికన్నా అడుగున పెట్టాను. ఫోన్ నంబరు పెట్టనే లేదు. మర్యాదగా ఉండదని.

ఇక దీన్ని పంపేదెవరు? నాకు బాషా అని స్నేహితుడున్నాడు. వాళ్ళింట్లో తాతల నాటి నుంచీ తివాచీలు నేస్తారు. వీడు మాత్రం మగ్గం వదిలి ఇంటర్నెట్ సెంటరు పెట్టాడు. మా పత్రిక అడ్రసుకి ఎవరు మెయిలు రాసినా దానంతటదే ఈ జవాబు వెళ్ళేట్టు వాడు ఏర్పాటు చేశాడు. చేస్తూ ఒక్కటే మాటన్నాడు.

"ఒరేయ్ ప్రసాదూ, ఇది ఎవరికైనా ఇదే జవాబు చెప్తుందిరా. చేరతామన్నవాడికీ ఇదే, తిట్టినవాడికీ ఇదే. మెయిళ్ళు వచ్చిపడే డబ్బా మాత్రం రోజూ తెరిచి చూసుకో."

"జవాబు వెళ్ళిపోతున్నప్పుడు మళ్ళీ చూడ్డం దేనికిరా?" అన్నాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నా యంత్రం అడిగినా అడక్కపోయినా ఒకే వంటకం పెడుతుందని అప్పుడు నాకు తట్టలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాకు పెళ్ళి సంబంధం వచ్చింది. పిల్లది తాడేపల్లిగూడెం. పేరు వసంత. చూడ్డానికి వెళ్ళిన రోజు అందరూ నా జీతం అడుగుతుంటే ఆ అమ్మాయి మాత్రం, "మెయిల్లో పత్రికంటున్నారు, చదివేవాళ్ళున్నారాండీ?" అనడిగింది. అడుగుతూ కళ్ళతో నవ్వింది. దాంతో నేను ఇరవై నిమిషాల ఉపన్యాసం ఇచ్చి, ఎవరూ అడక్కపోయినా పత్రిక మెయిలు అడ్రసు కూడా చెప్పాను. ఆ పిల్ల నాకు నచ్చింది. నచ్చిందని తేలిగ్గా అంటున్నాను గానీ, తిరిగొచ్చేటప్పుడు పాసింజరు బండిలో ఏలూరు వచ్చినట్టూ తెలియలేదు, పోయినట్టూ తెలియలేదు. తరవాతి స్టేషను వట్లూరులో దిగి వెనక్కి వచ్చాను.

వాళ్ళ వైపు అందరికీ ఇష్టమే. కానీ ఒక అడ్డుంది. ఆ ఇంట్లో ఏ శుభకార్యమైనా అమ్మాయి తాతగారు ఊఁ అనాలి. నరసింహమూర్తి గారని, రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. మేం వెళ్ళిన రోజు ఆయన విశాఖపట్నంలో ఉన్నారట. "ఆయన మిమ్మల్ని చూడలేదు కదండీ, కాస్త ఆగండి" అని కబురొచ్చింది. ఆగాను. కొట్లో మేత బస్తాల మీద కూర్చుని ఆగాను. ఇంట్లో అన్నం ముందు కూర్చుని ఆగాను. "తిండి మానేసి ఆగమన్నారట్రా?" అని మామ్మ కసిరేది. ఆ సంబంధం తప్పిపోతే నేనేమైపోతానో అని నిజంగానే భయమేసేది. ఆ స్థితిలో ఉన్నవాడు డబ్బా తెరిచి మెయిళ్ళేం చూస్తాడు చెప్పండి?

"ఏవయ్యా, జనం ఏమైనా రాస్తున్నారా?" అని రాజుగారు మధ్యమధ్యలో అడిగేవారు.

"తెగ రాస్తున్నారండీ. జవాబులు కూడా వెళ్ళిపోతున్నాయండీ" అనేవాణ్ణి. అందులో అబద్ధమేముంది?

అలా రోజులు గడుస్తుండగా ఓ శనివారం పొద్దున్న కొట్టు ముందు ఆటో ఆగింది. తలపాగా చుట్టుకున్న రైతొకాయన బుట్ట దింపుకుని తిన్నగా లోపలికొచ్చి, దాన్ని నా బల్ల మీద, కంప్యూటరు పక్కనే పెట్టాడు. బుట్ట నిండా చచ్చిన శీలావతి చేపలు.

"ప్రసాదు గారంటే తమరేనాండీ?"

"నేనేనండీ. మీరు?"

"ఆయ్, మాది కొల్లేటికోటండి. తమరు ఏం కూర అని అడిగారు గదండీ. ఇదేనండి కూర."

నాకేం అర్థం కాలేదు. రాజుగారు లెక్కల బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చారు. "ఏంటండీ సంగతి?" అని అడిగారు.

"చెరువులో చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయండి, ఏం చెయ్యమంటారని మావాడి చేత మెయిలు కొట్టించానండి. నా కబురు విని ఈ బాబుకి ఎంతో సంతోషమయిందంటండి! ఏమోలే, పొరపాటు పడుంటారని మళ్ళీ కొట్టించానండి. మళ్ళీ సంతోషమేనంటండి. కాళ్ళు కడుక్కోమన్నారండి. తెల్లారి లేస్తే చెరువులోనే ఉంటాను గదండీ, ఇంకేం కడుక్కోనండి?"

రాజుగారు నా వంక ఒక్క చూపు చూశారు. ఆ చూపుకి బుట్టలో చేపలు ఇంకోసారి చచ్చుండాలి. ఆ తరవాత ఆయన రైతుకి దణ్ణం పెట్టి, వెంటనే ఇంజను పెట్టించి చెరువులోకి కొత్తనీళ్ళు తోడించమని చెప్పి, కొట్లోంచి మందిచ్చి, తోడుగా మనిషిని కూడా పంపారు. మిగిలిన చేపలు దక్కాయని సాయంత్రానికి ఫోనొచ్చింది. అప్పటిదాకా నన్ను కుర్చీలో కూర్చోనివ్వలేదు.

"ముందా డబ్బా తెరువయ్యా" అన్నారు. తెరిచాను.

అయ్యబాబోయ్! ప్రజలు ఎంత మర్యాదస్థులండీ! కులాసా అడిగితే కులాసా చెప్పారు. కూర అడిగితే కూర చెప్పారు. ఒకాయన గేదె ఈనిన సంగతి రాశాడు. కైకలూరు నుంచి ఒకావిడ కోడలి మీద రాసింది కొల్లేటి చాంతాడంత ఉంది. అందరికీ నా సంతోషం వెంటనే వెళ్ళిపోయింది. చాలామంది ఒకటి రెండుసార్లు రాసి, ఎవడో తిక్కవాడనుకుని ఊరుకున్నారు. ఊరుకోని మనిషి ఒక్కరే ఉన్నారు. ఆయన ఉత్తరాలు మొదటి నుంచీ వరసగా చదివాను.

మొదటిది ఇలా ఉంది. "అయ్యా, నాకు చేపలూ లేవు, చెరువూ లేదు. మీ పత్రిక చూడాలని కుతూహలం. నేను రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయిన మనిషిని. ఇట్లు, నరసింహమూర్తి, తాడేపల్లిగూడెం."

నా గుండె ఓసారి ఆగి బయల్దేరింది.

రెండోది. "చిరంజీవి ప్రసాదుకి ఆశీస్సులు. వచ్చినవాణ్ణి కాళ్ళు కడుక్కోమనే కుర్రవాళ్ళు ఈ కాలంలో ఉన్నారంటే నా కళ్ళు చెమర్చాయి. మేమంతా కులాసా. కంద బచ్చలి కూర."

చదివి ఎగిరి గంతేయబోయాను. మూడోది చూసి ఆగాను.

"నిన్న మనవి చేశాను. తమకి పనుల ఒత్తిడిలో గుర్తున్నట్టు లేదు. కులాసా. ఇవాళ గుత్తివంకాయ. తమరు మళ్ళీ అడిగారు కనక మళ్ళీ చెబుతున్నాను. రైల్వేలో అవతలి స్టేషనువాడు గంట కొడితే మనం తిరిగి గంట కొట్టాలి. కొట్టకపోతే బళ్ళు గుద్దుకుంటాయి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను ఒక్క గంటకి కూడా జవాబు కొట్టకుండా ఉండలేదు."

చూశారా నా ఖర్మ? ఇటు పక్క ఎవరు గంట కొట్టినా తిరిగి కొట్టే యంత్రం. అటు పక్క ఎవరు గంట కొట్టినా తిరిగి కొట్టే స్టేషన్ మాస్టరు. మధ్యలో నా పెళ్ళి.

ఇంకొన్ని కూరల తరవాత ఇది వచ్చింది. "బాబూ ప్రసాదూ, నువ్వు రోజూ ఏం కూర అని అడగడం వల్ల మా ఇంట్లో ఇబ్బందిగా ఉంది. నిన్నటి కూరే చెబితే బాగుండదని రోజుకో కూర వండమంటున్నాను. ఎవరికో చెప్పుకోడానికి నా చేత చాకిరీ చేయిస్తారా అని మా ఆవిడ కేకలేస్తోంది. కనక ఇవాళ్టికి పచ్చడి మెతుకులు."

ఆ తరవాతది చదవలేక రాజుగారికి ఇచ్చాను. ఆయన పైకి చదివారు. "విచారంతో రాస్తున్నాను. మా మేనమామ గారు నిన్న కాలం చేశారు."

"దీనికేం జవాబెళ్ళిందయ్యా?"

"సంతోషమయిందనండీ."

"ఇంకా?"

"భోజనాలయ్యాయా అనండీ."

రాజుగారు కుర్చీలో కూలబడ్డారు. తరవాతి ఉత్తరంలో పెద్దాయన మొదటిసారి కేకేశారు. "ఆయన నిండు నూరేళ్ళు బతికి ఎవరికీ అపకారం చెయ్యలేదే! ఆయన పోతే నీకు సంతోషమా?" దానికీ సంతోషమే వెళ్ళింది. ఆఖరికి ఇది వచ్చింది. "నేను వసంత తాతని. మా ఇంటి అల్లుడు కాబోయేవాడి మాట తీరు ఉత్తరాల్లో చూద్దామనుకున్నాను. చూశాను. నీకు మతిలేదో, మనసు లేదో తేల్చుకోవాలి. ఆదివారం వచ్చి నాకు కనపడు."

దానికి మా యంత్రం, "మీరు వస్తారని ఎప్పట్నుంచో ఎదురుచూస్తున్నామండీ" అని రాసింది.

ఇక చదవడానికి నాకు ఓపిక లేదు. డబ్బా మూసేశాను. ఆ తొందరలో కింద ఇంకో మెయిలుందని చూడలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

నాన్నకి ఫోన్ చేస్తే, "నువ్వు చేసిన కంపు నువ్వే కడుక్కో" అన్నారు. మామ్మ మాత్రం పట్టుచీర కట్టుకుని బయల్దేరింది. "రాయించింది నేను కదా. నా మాటల్లో తప్పేముందో నేనూ చూస్తాను" అంది. ఆదివారం పాసింజరెక్కి తాడేపల్లిగూడెంలో దిగి, ఎండన పడి వాళ్ళింటికి వెళ్ళేసరికి నా నాలుక పిడచ కట్టుకుపోయింది.

నరసింహమూర్తి గారు వసారాలో నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గడియారం. నన్ను చూడగానే రెండు చేతులూ జోడించారు.

"నమస్కారమండీ. రండి రండి. మీరు వస్తారని ఎప్పట్నుంచో ఎదురుచూస్తున్నామండీ."

నాకు ప్రాణం లేచొచ్చింది. కోపం లేదు కాబోలనుకున్నాను. "తాతగారూ, క్షమించాలండీ. అసలేం జరిగిందంటే" అని మొదలెట్టాను.

"ముందు కాళ్ళు కడుక్కుని కాసిని మంచినీళ్ళు పుచ్చుకోండి."

చుట్టూ చూశాను. నీళ్ళు లేవు. చెంబు లేదు.

"ఫరవాలేదండీ. ఆ మెయిళ్ళు రాసింది నేను కాదండీ."

"ఇంట్లో అందరూ కులాసానా?"

"కులాసానండీ. అది దానంతటదే..."

"భోజనాలయ్యాయా?"

"లేదండీ, ఇంకా..."

"ఏం కూర?"

"అవలేదని చెప్పాను కదండీ!"

"మీ కబురు విని మాకు ఎంతో సంతోషమయింది."

అప్పుడర్థమయింది నాకు, ఆ రైతుకి ఎలా ఉండుంటుందో. మొహానికి పట్టిన చెమట తుడుచుకుని, "తాతగారూ, గొంతెండిపోతోందండీ. కాసిని మంచినీళ్ళిప్పించండి" అన్నాను.

"ఏదైనా మొహమాటపడకుండా అడగండి, జవాబు వెంటనే వస్తుంది."

"అడిగానండీ!"

"నమస్కారమండీ. రండి రండి" అని ఆయన మళ్ళీ మొదటికొచ్చారు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆ పెద్దమనిషి ముఖంలో ఒక్క నరం కదల్లేదు. ఇక నా వల్ల కాదని మామ్మ వంక చూశాను. మామ్మ ఏం చేస్తోందనుకున్నారు? బుగ్గన చెయ్యి పెట్టుకుని, మురిసిపోతూ వింటోంది.

"అన్నయ్యగారూ, ఈ మాటలు నావేనండీ. మీ నోట వింటుంటే ఎంత బాగున్నాయో!"

పెద్దాయన తడబడ్డారు. ఆయన దగ్గర దీనికి జవాబు రాసి లేదు. "మీవాండీ?" అన్నారు, మొదటిసారి తన సొంత గొంతుతో.

"నావేనండీ. కాకపోతే నేను మాటతో పాటు చెంబు కూడా ఇస్తానండీ. మావాడు మాట రాసుకుని చెంబు మరిచిపోయాడు. తమరు కూడా ఇందాకట్నుంచి చెంబు మరిచిపోయారు."

పెద్దాయన మొహం జేవురించింది. ఇంటికొచ్చిన ఆడమనిషిని ఎండలో నిలబెట్టానని ఆయనకి అప్పుడే తెలిసినట్టుంది. "అమ్మాయ్!" అని లోపలికి కేకేశారు. ఆ కేక పూర్తికాకముందే వసంత చెంబుతో గుమ్మంలో ఉంది. తలుపు వెనకే నిలబడి విన్నదనడానికి గుర్తుగా, నవ్వు ఆపుకుని ఆపుకుని కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

నేను సగం చెంబు తాగేసి, ఆగకుండా, ఊపిరి తీసుకోకుండా, యంత్రం సంగతంతా చెప్పేశాను. పెద్దాయన నమ్మలేదు. "యంత్రం కులాసా అడుగుతుందా? ఎవరికి చెప్తావయ్యా?" అన్నారు.

"నిజమే తాతయ్యా" అంది వసంత. "రెండో జవాబుకే నాకు తెలిసింది, అది మెషిన్ అని."

"నీకెలా తెలుసు?"

"మీరు చెప్పింది రాసుకెళ్ళి సెంటర్లో టైపు చేసింది నేనే కదా. ఒక్క అక్షరం తేడా లేకుండా వస్తుంటే తెలీదా?"

"మరి చెప్పలేదేమే?"

వసంత తలొంచుకుంది. "డిగ్రీ అయ్యాక నన్ను వీధి చివరిదాకా కూడా పంపట్లేదు. మీ మెయిళ్ళ పుణ్యమా అని రోజూ సెంటరుకి వెళ్తున్నాను. అక్కడ మిగతా టైములో నేను కోర్సు నేర్చుకుంటున్నాను. చెప్తే మీరు రాయడం మానేస్తారుగా."

పెద్దాయన కుర్చీలో కూర్చుండిపోయారు. "అయితే ఇన్నాళ్ళూ నేను కూరలు చెప్పింది యంత్రానికా?" అన్నారు. ఆ మాటకి లోపల వంటింట్లోంచి గరిట కింద పడిన చప్పుడూ, దాని వెనకే "నా చేత రోజుకో కూర వండించింది యంత్రానికా!" అని వాళ్ళావిడ గొంతూ వినిపించాయి. పెద్దాయన ఆ వైపు తిరగలేదు.

నాకు కొంచెం ధైర్యమొచ్చింది. అప్పుడు వసంత నా వైపు చూసి, "నా మెయిలు చూశారాండీ?" అంది.

"మీదా?"

"తాతయ్య ఆఖరి మెయిలు కొట్టాక, దాని కింద నాదొకటి కొట్టాను. చూళ్ళేదా?"

గుర్తుపెట్టుకోమన్నానా, అదే. నేను మూసేసిన డబ్బాలో అడుగున ఉన్నది. మెట్ల కింద గోనెసంచి.

"ఏం... ఏమని రాశారండీ?"

"నేను నిజంగా మీకు నచ్చానా అని అడిగాను. పెళ్ళయ్యాక నన్ను ఉద్యోగం చేసుకోనిస్తారా అని కూడా అడిగాను. ఒక్కమాట చెప్పమన్నాను."

"జవాబొచ్చిందా అండీ?" అన్నాను. తెలివితక్కువ ప్రశ్నే. నా యంత్రం జవాబివ్వకుండా ఉంటుందా?

వసంత గోడ వైపు చూస్తూ, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "మీరు వస్తారని ఎప్పట్నుంచో ఎదురుచూస్తున్నామండీ. ఇవాళ్టి నుంచి మీరు మా ఇంట్లో మనిషే. ఏదైనా మొహమాటపడకుండా అడగండి."

మామ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది, తన రచన మీద తనకే అంత మమకారం.

"మెషిను చెప్పింది బాగానే ఉందండీ" అంది వసంత. "మీరేం చెప్తారో వినాలని ఉంది."

అందరూ నా వైపు తిరిగారు. పెద్దాయన గడియారం చూసుకున్నారు, బండి వేళయినట్టు. చెప్పాల్సింది నా గుండె నిండా ఉంది. మీ కోసం వట్లూరు దాకా పోయానని చెప్పొచ్చు. మీరు ఏ ఉద్యోగం చేసినా నాకు గర్వమేనని చెప్పొచ్చు. నోరు తెరిచాను. ఒట్టేసి చెబుతున్నాను, నా నోట్లోంచి వచ్చిన మాట ఇదీ.

"నమస్కారమండీ. రండి రండి."

ముందు మామ్మ నవ్వింది. తరవాత వంటింట్లో ఆవిడ నవ్వింది. వసంత చెంబు అక్కడే పెట్టేసి లోపలికి పరిగెత్తింది, ఆ నవ్వు మాత్రం మాకు చాలాసేపు వినపడింది. అప్పటిదాకా బిగదీసుక్కూర్చున్న పెద్దాయన భుజాలు మెల్లగా కదలడం మొదలయ్యాయి. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "అమ్మాయీ, మతిలేనివాడే. మనసు లేనివాడు మాత్రం కాదు. లైన్ క్లియర్ ఇస్తున్నాను" అన్నారు.

ఆ పూట అక్కడే భోజనం చేశాం. ఏం కూర అని మీరు నన్నడక్కండి.

పెళ్ళయింది. కొట్లో మెయిళ్ళ పని వసంతే తీసుకుంది. ఆమె రాసిన వెల్‌కమ్ మెయిలు సరిగ్గా నాలుగు వాక్యాలు. మేమెవరం, ఏం పంపుతాం, ఏ రోజు పంపుతాం, చేపలు నోళ్ళు తెరిస్తే ఏ నంబరుకి ఫోన్ చెయ్యాలి. దాన్ని చూసి కొల్లేటికోట రైతు, "ఇప్పుడు బాగుందండి" అని కబురంపి, దాంతోపాటు ఈసారి బతికున్న చేపలు పంపాడు.

కనక పాఠకులారా, తూర్పు ముఖంగా నిలబడి, కొల్లేటి నీళ్ళు పుక్కిలించి, ప్రతిజ్ఞ చేస్తున్నాను. జవాబు వినే ఓపిక లేనప్పుడు ఈ జన్మలో ఎవరినీ ప్రశ్న అడగను. చేతిలో చెంబు లేకుండా ఎవరినీ కాళ్ళు కడుక్కోమనను. నా సంతోషాన్ని, నా విచారాన్ని, నా పలకరింపుని ఇక ఏ యంత్రానికీ అప్పగించను. నేనే స్వయంగా పలకరిస్తాను, నా సొంత మాటలతో.

ఇంతవరకూ రాసి వసంతకి చూపించాను. చివరిదాకా చదివి కాగితాలు నా ఒళ్ళో పెట్టింది.

"అంతా బాగుంది గానీ, ఆ రోజు నేనడిగినదానికి మీరు మీ నోటితో జవాబు చెప్పనే లేదండీ. నేను మీకు నచ్చానా?"

నేను నిటారుగా కూర్చున్నాను. గొంతు సవరించుకున్నాను. ఇన్నేళ్ళుగా దాచుకున్న మాటలన్నీ కూడగట్టుకుని, ఆమె కళ్ళల్లోకి చూసి నోరు తెరిచాను.

"ఏం కూర?" అన్నాను.